ఆత్రేయకు ఎంట్రన్స్ కోచింగ్

ముప్పయ్యేళ్ళపాటు పరీక్ష హాళ్ళలో కాపీ చీటీలు పట్టుకున్న శేషాచలం మాస్టారు, రిటైరయ్యాక తీరిగ్గా ఆలోచించి, ఒక పేపరు లీక్ చేయాలని నిర్ణయించుకున్నాడు. పరీక్షకు కూర్చోబోయే అభ్యర్థికి ఇంకా మూడేళ్ళు నిండలేదు.

అభ్యర్థి పేరు ఆత్రేయ. మాస్టారి కూతురు మహతి కొడుకు. ఆ సమయానికి వాడు వంటింటి గడప పక్కన బోర్లా పడుకుని, పప్పుగిన్నె మూతను గచ్చు మీద గిరగిరా తిప్పుతూ, చెంప నేలకానించి చూస్తున్నాడు. మూత ఆగగానే మళ్ళీ తిప్పుతాడు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు. అమ్మా అనడు, తాతా అనడు. ఎవరి ముఖంలోకీ చూడడు. తిరిగే మూత ఆగిపోవడం మినహా లోకంలో వాడికి వేరే కష్టం ఉన్నట్టు కనిపించదు. కష్టమంతా వాడి చుట్టూ ఉన్నవాళ్ళదే.

పిల్లల డాక్టరు చూసి ఆటిజం లక్షణాలున్నాయన్నాడు. భయపడొద్దన్నాడు, ఆలస్యం మాత్రం చేయొద్దన్నాడు. లక్ష్మీపురంలో ఒక ట్రస్టు వాళ్ళు ఇలాంటి పసిపిల్లల కోసం కేంద్రం నడుపుతున్నారు. మాట, చూపు, నడవడిక అన్నీ ఆటల్లోనే నేర్పుతారు. పిల్లాడితోపాటు ఇంట్లోవాళ్ళకూ నేర్పుతారు. మూడేళ్ళలోపు వాళ్ళనే కొత్తగా చేర్చుకుంటారు. ఈ బ్యాచ్‌లో ఒక్క చోటే మిగిలింది, దానికి ఇంకొందరు పిల్లలు కూడా ఉన్నారు. ఇప్పుడు దొరక్కపోతే, వచ్చే బ్యాచ్ నాటికి ఆత్రేయకు వయసు దాటిపోతుంది. నెలాఖరు గురువారం పిల్లాడిని తీసుకొస్తే చూసి, ఏ సంగతో చెబుతామన్నారు.

మహతి ఇదంతా చెబుతున్నంతసేపూ మాస్టారి చెవిలో మూడు మాటలే గంటకొట్టాయి. ఒక్క సీటు. పోటీ. పరీక్ష.

బ్రాడీపేటలో పుట్టి పెరిగి, రెసిడెన్షియల్ కాలేజీలో ఎంట్రన్సులకు లెక్కలు చెప్పి చెప్పి జుట్టు పండించుకున్న మనిషికి ఆ మూడు మాటలు విన్నాక ఇంకేమీ వినపడదు. గుంటూరులో నర్సరీ నుంచి మెడికల్ కాలేజీ దాకా ఏ తలుపు తెరవాలన్నా ఒకటే తాళంచెవి అని ఆయన నమ్మకం. దాని పేరు కోచింగ్.

అసలు గుండె జారింది మాత్రం దరఖాస్తు చూసినప్పుడు. పిలిస్తే పలకడు, వేలు పెట్టి చూపించడు, తోటి పిల్లలతో ఆడడు అని మహతి వరసగా రాసుకుంటూ పోయింది.

"ఎవరైనా తన మైనస్ మార్కులు తనే వేసుకుంటారటే?" అన్నాడు.

"నాన్నా, అది అలాగే రాయాలి. ఉన్నదున్నట్టు రాస్తేనే వాళ్ళకి తెలుస్తుంది."

మహతికి తాడేపల్లిలో ఆఫీసు. తెల్లారగానే బస్సెక్కి, దీపాల వేళకు తిరిగొస్తుంది. భర్త సాయికౌశిక్ చీమకుర్తి గ్రానైట్ క్వారీలో ఇంజనీరు, ఆదివారాల మనిషి. కాబట్టి పగలంతా ఆత్రేయ తాతా అమ్మమ్మల సొత్తు. కూతురు చేసిన నష్టాన్ని పూడ్చే బాధ్యత తన మీద పడిందని మాస్టారు తీర్మానించుకున్నాడు. ఆమెకు ముందే చెబితే అడ్డుపడుతుంది. సీటొచ్చాక చెప్పొచ్చు.

మర్నాడే నిఘా మొదలైంది.

కేంద్రం గేటుకు ఎదురుగా చెరుకురసం బండి ఉంది. మాస్టారు దాని పక్కన స్టూలు మీద కూర్చుని, న్యూస్‌పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళను గమనించాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి తగిన మనిషి దొరికాడు. పేరు కలీం. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. కూతురు ఆయేషా ఆ కేంద్రంలోనే చేరింది. భార్య లోపల పిల్లతో కూర్చుంటే అతను బయట ఎదురుచూస్తున్నాడు. మాస్టారు చెరుకురసం ఇప్పించాడు, అల్లం ఎక్కువ వేయమన్నాడు, మంచీచెడ్డా మాట్లాడాడు, ఆఖరికి గొంతు తగ్గించి, లోపల ఏమేం అడుగుతారని అడిగాడు.

కలీం దాపరికం లేని మనిషి. పేరు పెట్టి పిలుస్తారు, ముక్కేదంటారు, చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టమంటారు, బొమ్మకు అన్నం తినిపించమంటారు అని పూసగుచ్చినట్టు చెప్పాడు. మాస్టారు చూపుడువేలితో గాల్లో టిక్కులు పెట్టుకుంటుంటే అతనికి అనుమానం వచ్చింది.

"కానీ మాస్టారూ, వాళ్ళు మార్కులేం వెయ్యరండి. మా ఆయేషా ఆరోజు ఒక్కటీ చెయ్యలా. లోపలికెళ్ళిన కాడ్నించీ గుక్కపెట్టి ఏడుపే."

"మరి సీటెలా వచ్చింది బాబూ?"

"అందుకే వచ్చిందండి."

మాస్టారు లోలోపల నవ్వుకున్నాడు. ఇలాంటివాళ్ళను ఎంతమందిని చూడలేదు. స్టేటు ర్యాంకు కొట్టిన ప్రతివాడూ, ఏం చదవలేదు సార్, టీవీ చూస్తూ పడుకున్నాను అనే చెబుతాడు. తన పిల్లకు సీటు వచ్చేశాక కూడా గుట్టు విప్పడంలేదంటే ఈ కలీం మామూలువాడు కాదు. అతనికి నమస్కారం పెట్టి, పేపరు బుర్రలో పెట్టుకుని ఇంటికి వచ్చాడు.

పేపరు చేతికొచ్చింది కానీ అభ్యర్థి సహకరించలేదు. మాస్టారు ముక్కు చూపించాడు, చెవి చూపించాడు, చెక్కముక్కలు పేర్చాడు, బొమ్మ నోట్లో చెంచా కుక్కాడు. ఆత్రేయ మూత తిప్పుకున్నాడు. మూత లాక్కుంటే ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. తిరిగి ఇస్తే తిప్పుకున్నాడు. సంతకం కూడా పెట్టకుండా తెల్లకాగితం ఇచ్చిపోయే విద్యార్థులను మాస్టారు చూశాడు కానీ, అసలు హాల్లో మాస్టారనేవాడు ఉన్నాడని గుర్తించని విద్యార్థిని చూడటం ఇదే మొదలు.

దారి చూపించింది ఆయన భార్య బాలసరస్వతమ్మ, అదీ తెలియకుండా. ఆవిడ కారప్పొడికి వంటింట్లో ఎండుమిరపకాయలు వేయించింది. ఆ ఘాటుకు మాస్టారు ఇల్లదిరేలా దగ్గాడు.

ఆత్రేయ తలెత్తాడు. మూత తిరుగుతూనే ఉంది, వాడు మాత్రం తాత ముఖంలోకి చూస్తున్నాడు. మీసం ఎగిరి పడటం చూసి కిలకిలా నవ్వాడు. దగ్గు ఆగిపోయాక కూడా మీసం వంకే చూస్తూ, ఇంకోసారి కానివ్వమన్నట్టు ఎదురుచూశాడు.

మాస్టారు ఒక దొంగ దగ్గు దగ్గాడు. వాడు మళ్ళీ నవ్వాడు.

ఆయన సర్వీసు మొత్తంలో ఏ విద్యార్థీ ఆయన ముఖాన్ని అంత శ్రద్ధగా చూడలేదు. కానీ ఆ ముచ్చట అనుభవించే తీరిక ఎక్కడిది, పరీక్ష ముంచుకొస్తోంది. వెంటనే సిలబస్ తయారుచేశాడు. పొట్టి దగ్గు దగ్గితే ముక్కు పట్టుకోవాలి. గొంతు సవరిస్తే చెక్కముక్కలు పేర్చాలి. వరసగా దగ్గితే బొమ్మకు తినిపించాలి. ఏ దగ్గుకైనా వాడు ముందు తనవైపు తిరుగుతాడు కాబట్టి, పిలిస్తే తిరిగే పాఠం కొసరుగా వచ్చేసింది. దగ్గడం, వాడి చెయ్యి పట్టుకుని చేయించడం, బహుమానంగా మూత తిప్పడం, మళ్ళీ దగ్గడం. పూటపూటా ఇదే పని. కొన్నాళ్ళకు చెయ్యి పట్టుకోవాల్సిన అవసరం లేకుండా పోయింది.

"పిల్లాడికి ఏం ఒంటబడుతోందో నాకు తెలీదు గానీ, మీకు క్షయ వచ్చిందని వీధంతా చెప్పుకుంటున్నారు," అంది బాలసరస్వతమ్మ. "పాలబ్బాయి ప్యాకెట్లు గేటు మీద పెట్టి పారిపోతున్నాడు. ఈ నాటకమేదో మహతితో చెప్పండి."

"ఫలితాలొచ్చాక చెబుతా."

గురువారం వచ్చింది.

కేంద్రంలో పిల్లల్ని చూసే ఆవిడ పేరు షాహిస్తా. చాప మీద కింద కూర్చుని, ముందు పిల్లాడికి అలవాటు పడటానికి కాస్త సమయం ఇచ్చింది. మహతి ఒక పక్కన కూర్చుంది. మాస్టారు కుర్చీని మెల్లగా జరుపుకుని షాహిస్తా వెనక వేసుకున్నాడు. ఇన్విజిలేటర్‌కు కనపడకుండా, అభ్యర్థికి మాత్రం కనపడే చోటు హాల్లో ఎక్కడుంటుందో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

షాహిస్తా పేరు పెట్టి పిలిచింది. మాస్టారు దగ్గాడు. ఆత్రేయ తల తిప్పి ఆవిడ వైపు చూశాడు, అంటే ఆవిడ భుజం మీదుగా మీసం వైపు చూశాడు. ఆ వెంటనే ముక్కు పట్టుకున్నాడు. షాహిస్తా నవ్వి, అదేదో తను ఇంకా అడగనే లేదంది. తర్వాత చెక్కముక్కలు ముందు పెట్టింది. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఆత్రేయ గోపురం కట్టాడు. బొమ్మ ఇచ్చింది. మాస్టారు వరసగా దగ్గాడు. వాడు చెంచా తీసి బొమ్మ మూతికి పెట్టాడు.

మహతి నోరు తెరుచుకుని చూస్తోంది. మాస్టారి ఛాతీ ఉబ్బింది. ఫస్టు క్లాసు విత్ డిస్టింక్షన్.

"చాలా సంతోషమమ్మా," అంది షాహిస్తా మహతితో. "మీరు రాసినదానికీ, నేను చూసినదానికీ చాలా తేడా ఉంది. మాట కొంచెం ఆలస్యమేమో గానీ, వీడికి మా అవసరం అంతగా లేదు. ఈ చోటు అసలు పిలిస్తే కూడా పలకని బిడ్డకి ఇస్తే న్యాయం. వీడిని ఆరునెలలాగి ఒకసారి తీసుకురండి, చూద్దాం."

మాస్టారికి ఆ మాటలు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కుర్చీ కింద నేల లేనట్టనిపించింది. కలీం చెప్పింది గుట్టు దాచడం కాదు, నిఖార్సైన నిజం. మాస్టారి చేతిలో తయారైన విద్యార్థి ఫస్టు ర్యాంకు కొట్టి సీటు పోగొట్టుకున్నాడు.

మహతి ముఖం పాలిపోయింది. ఇంట్లో వీడు ఇలా చేయడండీ, నిజంగా చేయడు, నాకే తెలియదు అంటోంది. మాట్లాడుతూనే, లెక్కలో తప్పెక్కడుందో వెతుకుతున్నట్టు మెల్లగా తండ్రి వైపు తల తిప్పింది.

తప్పు ఒప్పుకోవచ్చు. కానీ ముప్పయ్యేళ్ళ పరువు గొంతుకు అడ్డం పడింది. దానికంటే తేలికైన దారి మాస్టారికి తట్టింది. ఇంకోసారి అడగమనాలి, తను నోరు మూసుకోవాలి. పిల్లాడు చక్కగా ఫెయిలవుతాడు, ఎవరికీ ఏమీ తెలియదు.

"మేడమ్, ఇందాక వాడి అదృష్టం బాగుంది," అన్నాడు. "ఇంకొక్కసారి అడిగి చూడండి."

షాహిస్తా ఆయన్ని వింతగా చూసింది. మనవడికి ఏ ఇబ్బందీ లేదంటే బతిమాలి మరో పరీక్ష పెట్టమనే తాతను ఆవిడ అదే చూడటం. అయినా సరేనని, మళ్ళీ పిలిచింది. మాస్టారు పెదాలు బిగించాడు. ఆత్రేయ కదల్లేదు. మళ్ళీ పిలిచింది. కదల్లేదు. షాహిస్తా కనుబొమలు ముడిపడ్డాయి. పని జరుగుతోంది.

సరిగ్గా అప్పుడే పక్కనున్న హాస్టలు మెస్‌లో గోంగూర పచ్చడికి వేళైంది. వంటవాడు మూకుడు నిండా ఎండుమిరపకాయలు నూనెలో పోశాడు.

ఘాటు కిటికీలోంచి సైన్యంలా దిగింది. ముందు షాహిస్తా దగ్గింది. తర్వాత మహతి దగ్గింది. వరండాలో ఆయా దగ్గింది. ఆత్రేయ ఎవరి దగ్గునూ లెక్కచేయలేదు. వాడి కళ్ళు తాత మీసం మీదే ఉన్నాయి.

మాస్టారు దగ్గలేదు. దగ్గితే సీటు పోతుంది. ఊపిరి బిగబట్టాడు. ముఖం పండుమిరపకాయలా ఎర్రబడింది. కండువా కొస నోట్లో కుక్కుకున్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారాయి. కోటప్పకొండ మెట్లు మోకాళ్ళ మీద ఎక్కుతానని మొక్కుకున్నాడు. మహతి భయపడి నీళ్ళకోసం లేచింది. షాహిస్తా వెనక్కి తిరిగి, మాస్టారూ ఏమైందండీ అని వీపు మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి పడటంతో ఆనకట్ట తెగింది.

అలాంటి దగ్గు బ్రాడీపేట చరిత్రలో లేదు. పొట్టి దగ్గులు, పొడుగు దగ్గులు, వరస దగ్గులు, మధ్యమధ్య గొంతు సవరింపులు. ఆత్రేయకు పండగైపోయింది. ముక్కు పట్టుకున్నాడు. చెక్కముక్కలు పేర్చాడు. బొమ్మకు తినిపించాడు. మళ్ళీ ముక్కు. మళ్ళీ గోపురం. దగ్గు వేగం పెరిగేకొద్దీ వాడి వేగమూ పెరిగి, చివరికి చెక్కముక్కను బొమ్మ మూతికీ, చెంచాను తన ముక్కుకూ పెట్టుకున్నాడు. సిలబస్ అంతా అయిపోయాక లేచి నిలబడ్డాడు. గది నాలుగు మూలలా వెతికి, ఒక బొమ్మల డబ్బా మూత పీకి, తెచ్చి తాత ఒళ్ళో పెట్టాడు. మీసం వంక చూస్తూ నిలబడ్డాడు.

మెస్‌లో మూకుడు చప్పుడు వినిపిస్తోంది.

"నాన్నా," అంది మహతి.

ఆ ఒక్క మాటకు మాస్టారు కూలిపోయాడు. నిఘా, చెరుకురసం, దగ్గుల సిలబస్, అంతా ఏకరువు పెట్టాడు. పేపరు లీక్ చేశానని, పిల్లాడి తప్పేమీ లేదని, డిబార్ చేస్తే తనను చేయమని చేతులు జోడించాడు.

షాహిస్తా నవ్వలేదు. ఆవిడ మూత వంక, దాన్ని తెచ్చిన పిల్లాడి వంక చూస్తోంది.

"వీడు ఇంతకుముందు ఎవరినైనా ఏదైనా ఇలా అడిగాడా?" అని మహతిని అడిగింది.

మహతి అడ్డంగా తలూపింది. మూడేళ్ళు కావస్తున్నా వాడు ఎవరినీ ఏదీ అడగలేదు. కావాల్సింది తనే తీసుకునేవాడు, అందకపోతే ఏడ్చేవాడు. మనిషి దగ్గరికి వచ్చి, మనిషి ముఖం చూసి అడగడం అదే మొదలు. అడిగింది మాత్రం ఆమెను కాదు. అందుకు ఆమెకు ఏడుపొచ్చిందో, నవ్వొచ్చిందో చెప్పలేం. రెండూ వచ్చినట్టే ఉంది.

"మాస్టారూ, ఒక పిల్లాడు ఒక మనిషి ముఖంకోసం ఇలా వెతుక్కోవాలని మేం నెలల తరబడి తంటాలు పడతాం," అంది షాహిస్తా. "మీరు దాన్ని ఇంట్లోనే సంపాదించి, తీసుకొచ్చి కాపీ కొట్టడానికి వాడారు."

మాస్టారు తల ఎత్తలేదు. ఒళ్ళో ఉన్న మూతను మాత్రం నేల మీద పెట్టి తిప్పాడు. పిల్లాడు అడిగాడు కదా.

ఈరోజు చూసింది లెక్కలోకి రాదని షాహిస్తా తేల్చేసింది. రేపు మళ్ళీ చూస్తానంది. మాస్టారు గేటు బయట ఉండాలంది.

శుక్రవారం పొద్దున మాస్టారు చెరుకురసం బండి దగ్గర స్టూలు మీద కూర్చుని, మనవడు ఫెయిల్ కావాలని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. బాలసరస్వతమ్మ పక్కనే నిలబడి, మొక్కే ముందు దేవుడికి విషయం సరిగ్గా విడమరిచి చెప్పమని, లేకపోతే ఆయన కూడా పొరబాటున పాస్ చేయించగలడని హెచ్చరించింది. కలీం వచ్చి విషయం విని, చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. నేను ముందే చెప్పాను కదా మాస్టారూ అని అనలేదు. ఆ మర్యాదకు మాస్టారు మనసులోనే దణ్ణం పెట్టాడు.

మహతి గేటు తీసుకుని పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఏమీ చెయ్యలేదు నాన్నా. ఒక్కటంటే ఒక్కటి కూడా చెయ్యలేదు."

బండివాడు పాపం అనుకుని ఆమెకు మంచినీళ్ళు ఇవ్వబోయాడు. ఈలోగా ముసలాయన లేచి, పక్కనున్నవాళ్ళందరికీ రసం పోయమనేసరికి, ఈ కుటుంబానికి ఏదో తేడా ఉందని అతనికి అర్థమైంది.

సీటు ఇచ్చారు. పిలుపుకు పలకలేదు, చెప్పింది చేయలేదు కాబట్టి వాడికి అవసరం ఉందని రాశారు. వాడికి ఇష్టమైన మనిషి ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి తొందరగా అందుకుంటాడని కూడా రాశారు. ఒకటే షరతు. పిల్లాడితోపాటు రోజూ వచ్చి కూర్చోవాల్సింది అమ్మమ్మ కాదు, తాత.

మొదటి రోజు మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని వెళ్ళాడు. షాహిస్తా పెద్దవాళ్ళందరినీ చాప మీద కూర్చోబెట్టి, ఈ వారమంతా ఎవరూ పిల్లలకు ఏమీ నేర్పకూడదంది. ఇది ఇలా చెయ్యి, అది అలా పట్టుకో అనకూడదు. పిల్లాడు ఏం చేస్తే పక్కన చేరి అదే చేయాలి. అంతే.

మాస్టారు చెయ్యెత్తి, మరి సిలబస్ ఏమిటండీ అని అడిగాడు.

"వాడే," అంది షాహిస్తా.

ఆత్రేయ గదిని ఒకసారి చుట్టి, గోడవారగా ఉన్న పొట్టి బల్ల కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు. మాస్టారు చుట్టూ చూశాడు. కలీం భార్య తన పిల్లతోపాటు గిలక్కాయ చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తోంది. ఇంకో తండ్రి కిటికీ ఊచ నాకుతున్న కొడుకు పక్కన నిలబడి, నాకాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. మాస్టారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. పంచె ఎగ్గట్టి, మోకాళ్ళు టపటపమంటుంటే చేతుల మీద పాకి, తల ముందుగా బల్ల కిందికి దూర్చాడు. భుజాల దాకా వెళ్ళి ఇరుక్కుపోయాడు. ముందుకు పోలేడు, వెనక్కి రాలేడు. బయట మిగిలిన సగం మాస్టారిని చూసి ఎవరో పిల్ల పకపకా నవ్వింది.

బల్ల అడుగున చూడటానికేమీ లేదు. రెండు పలకల మధ్య సన్నని సందు ఉంది. అందులోంచి వెలుతురు గీత ఒకటి పడుతోంది. ఆత్రేయ దాన్నే చూస్తున్నాడు. ఇదేమిట్రా అని అడగబోయి, మాస్టారు మానుకున్నాడు. ఆయనా ఆ గీతనే చూశాడు.

కాసేపటికి ఆత్రేయ తల తిప్పి ఇరుకులో అవస్థపడుతున్న తాతను చూశాడు. గోడ వైపు కొంచెం జరిగాడు.